బేరికాయ పట్టిన చెయ్యి

మునిసిపాలిటీ కవరు వచ్చే వేళకి నేలిదా రంగులరాట్నం మీది తెల్లగుర్రం పొట్ట కింద వెల్లకిలా పడుకుని ఉంది. గ్రీజు డబ్బా ఛాతీ మీద పెట్టుకుని, గుర్రాన్ని పైకీ కిందికీ ఆడించే ఇత్తడి గొట్టానికి రెండు వేళ్ళతో గ్రీజు పూస్తోంది. ముందుగా ఆమెకి బూట్లు కనిపించాయి. ఎడమ బూటుకి లేసు లేదు. అంటే పేపర్ల బడ్డీ ఓస్మార్. శనివారం కదా, తొందరలో ఉన్న ఉత్తరాలవాడు పేట నడిమి ప్లాజాకొచ్చిన ఉత్తరాలన్నీ అతని దగ్గరే పడేసి పోయాడు.

"బయటికి రా నేలీ. నీకు ప్రేమలేఖొచ్చింది. గుండ్రటి ముద్ర కూడా వేశాడు పాపం."

ఆమె విడతలు విడతలుగా బయటికి వచ్చింది. ముందు ఎడమ చెయ్యి, తర్వాత తల, తర్వాత తక్కిన అరవై ఏడేళ్ళ మనిషి. కుడి భుజం మీద బరువు వెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఆ భుజాన్ని ఒకే ఒక్క పనికి దాచుకుంటోంది. చేతులు ఏప్రానుకి తుడుచుకుని, కళ్ళజోడు కోసం వెతికి, అది నెత్తి మీదే ఉందని ఓస్మార్ చెప్పాక దించుకుని చదివింది.

పుచ్చిపోయిన పలకలు మారుస్తారట. కొత్త మోటారు. వాన కారని పైకప్పు. టికెట్ గదిలో ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకోవడానికి హీటరు కూడానట. నాలుగేళ్ళుగా ఆమె అడుగుతున్నవన్నీ వరసగా రాసి, చివర 'ఆమోదించడమైనది' అన్నారు. ఆ మాట రెండుసార్లు చదివి, తిరిగి, తెల్లగుర్రాన్ని మూతి మీద ముద్దు పెట్టుకుంది.

"ఉత్తరం తెచ్చింది నేను, ముద్దు గుర్రానికా?" అన్నాడు ఓస్మార్.

"అది నీలాగా మాట్లాడదు."

రెండో కాగితం ఉంది. దాన్ని విప్పలేదు. మంచి కబురు చివరిదాకా చదివితే దిష్టి తగులుతుందని ఆ పేటలో అందరూ నమ్ముతారు. పరీక్ష ఫలితాలైనా సరే, పాసైన మాట కనబడగానే కాగితం మడిచేస్తారు. నేలిదా కూడా మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది. పరిగెత్తినంత పని చేసి బేకరీ నుంచి నెలవంక రొట్టెలు రెండు తెచ్చింది. ఇద్దరూ రాట్నం అంచున కూర్చుని ఒకే గొట్టంతో మాతే, ఆ చేదు ఆకుల టీ, పీల్చుకున్నారు. చలి మొదలయ్యే మే నెల లేత ఎండ, రాట్నం నడిమి స్తంభానికి అతికిన అద్దం ముక్కల మీద పడి, ఓస్మార్ బట్టతల మీద చుక్కలు చుక్కలుగా ఆడుతోంది. రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో అనుకుంది.

ఆ రంగులరాట్నం ఆమె తండ్రి దొమింగోది, తర్వాత మునిసిపాలిటీ తీసుకుని ఆమెని జీతానికి పెట్టుకుంది. మొదట్లో దాన్ని నిజం గుర్రమే తిప్పేది, కళ్ళకి గంతలు కట్టుకుని. నేలిదాకి తొమ్మిదేళ్ళప్పుడు మోటారు వచ్చింది. గుర్రానికి విశ్రాంతి దొరికిందని ఆ రోజు ఆమె ప్లాజా అంతా గెంతింది. యంత్రాలంటే గిట్టని మనిషి కాదు నేలిదా. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే సాయంత్రానికి అందరూ ఆమెకి యంత్రాలు గిట్టవనే అనుకున్నారు.

మోటారు వచ్చినా మారనిది ఒక్కటే, బేరికాయ. తురకవేప చెక్కతో దొమింగో స్వయంగా చెక్కాడు. కింద లావుగా, మెడ దగ్గర సన్నగా, అచ్చం బేరిపండులాగే ఉంటుంది. కొసన చిన్న చీలిక. అందులో ఇత్తడి ఉంగరం దూర్చి, రాట్నం పక్కన నిలబడి, తిరిగొచ్చే పిల్లల ముందు ఆడించాలి. బయటి వరస పిల్లలు చెయ్యి చాచి లాక్కోవాలి. ఉంగరం దొరికిన వాళ్ళకి తర్వాతి రౌండు ఉచితం. రోజులో ఆఖరి రౌండులో దొరికితే ఉంగరాన్ని ఇంటికి తీసుకుపోయి, దిండు కింద పెట్టుకుని, మర్నాడు తెచ్చి ఆ ఉచిత రౌండు ఎక్కవచ్చు.

చూసేవాళ్ళకి అది చెయ్యి ఊపడమే. ఓస్మార్ ముప్ఫై ఏళ్ళుగా అదే అంటున్నాడు, బేరికాయ పట్టుకోవడానికి కోతి చాలునని. కానీ ఆ మణికట్టుకి ఎన్ని తెలియాలి. మొన్న పన్ను ఊడిందెవరికి, తమ్ముడు పుట్టాక ఇంట్లో ఎవరూ పట్టించుకోనిది ఎవరిని, మరీ సులువుగా ఇస్తే చిన్నబుచ్చుకునేదెవరు, రెండుసార్లు ఏడిపించి మూడోసారి ఇస్తే వారమంతా గాల్లో నడిచేదెవరు. నేలిదా ఇవేవీ రాసుకోలేదు. భుజంలోనే పెట్టుకుంది.

ఒక నియమం మాత్రం తండ్రి పెట్టింది. రాట్నంవాడి పిల్లకి ఉంగరం ఇవ్వకూడదు. ఆరేళ్ళప్పుడు ఆమె తెల్లగుర్రం మీద కూర్చుని చెయ్యి చాచేది. తండ్రి ప్రతిసారీ బేరికాయ పైకెత్తేసేవాడు. "ఊరు చూస్తోందే తల్లీ" అనేవాడు. ఆమెకి పదిహేడేళ్ళప్పుడు ఆయన భుజం పడిపోయింది, బేరికాయ ఆమె చేతికి వచ్చింది. వేల ఉంగరాలు ఇచ్చింది. ఒక్కటీ పట్టుకోలేదు.

పదకొండింటికి పిల్లలు వచ్చారు. ఈ రెండు మూడేళ్ళలో పిల్లల చేతులు ఏమైపోయాయో ఆమెకి అర్థం కావడం లేదు. ఒక చెయ్యి గొట్టం మీద, ఇంకో చేతిలో ఫోను. ఉంగరానికి చెయ్యేది? కంచె అవతల తల్లులూ తండ్రులూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు. పిల్ల ప్రతి చుట్టులోనూ అమ్మ ముఖం కోసం వెతుక్కుంటుంది, దొరికేది ఫోను వీపు. ఆ వీడియోలు రాత్రి ఎవరైనా చూస్తారా? ఎందుకు చూస్తారు, అప్పటికి వేరేవి ఉంటాయి. నేలిదా బేరికాయతో ఒకడి ఫోను మీద టక్కున కొట్టి, దీనికి టికెట్ కొన్నావా అని అడిగింది. వాడి తండ్రికి కోపం వచ్చింది. వస్తే రానీ.

ఆ రౌండులో ఫోను లేనిది ఆయ్లెన్ ఒక్కతే. ఆరేళ్ళ పిల్ల, సన్నటి మెడ, మోకాలు దిగిన అన్న స్వెట్టరు. తాతతో ప్రతి శనివారం పొద్దునా సాయంత్రమూ వస్తుంది. పది వారాలుగా ఆమెకి ఉంగరం అందలేదు. మొదట్లో చెయ్యి చాచడానికే భయపడేది. తర్వాత వేళ్ళు చాపింది, తర్వాత మోచెయ్యి, పోయిన వారం జీను మీంచి సగం లేచింది. నేలిదా తొందరపెట్టలేదు. ఈ శనివారం సాయంత్రం ఇవ్వాలని మాత్రం అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

నాలుగింటికి మునిసిపాలిటీ బండి వచ్చింది. ఇద్దరు పనివాళ్ళు, నాలుగు అట్టపెట్టెలు, వాళ్ళ వెనక రొమీనా అనే ఇంజనీరు. ముప్ఫై దాటి ఉండదు, మర్యాదస్తురాలు, పెద్దావిడల్ని 'దోన్యా' అని గౌరవంగా పిలుస్తుంది. పలకలు సోమవారం వేస్తామని, ముందు కొత్త పరికరం ప్రయత్నించి చూద్దామని చెప్పింది.

"నేను చిన్నప్పుడు ఇక్కడే ఎక్కేదాన్ని దోన్యా నేలిదా. మీకు గుర్తుండదు లెండి."

నేలిదా ఆమెను తేరిపార చూసింది. "పసుపు బూట్లు. ముక్కు ఎప్పుడూ కారుతుండేది. మూడు వారాలు అందలేదు, నాలుగో వారం పట్టుకున్నావు."

రొమీనా ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. పెట్టెలు మాత్రం తెరిపించింది.

ఒక్కో జంతువు మెడ మీదా ఒక్కో తెర బిగించారు. తెల్లగుర్రం మెడ మీది తెరలో ఇంకో గుర్రం పరిగెత్తుతోంది. నేలిదా బేరికాయతో నిలబడే చోట బొంగరంలాంటి తలతో ఒక స్తంభం పాతారు. పిల్లలకి మణికట్టు పట్టీలు ఇచ్చారు. ఇక ఉంగరం కోసం వంగనక్కర్లేదు, పడిపోయే భయం లేదు. రౌండు చివర స్తంభమే ఒక పేరు ఎంచి, తెర నిండా నక్షత్రాలు కురిపిస్తుంది.

రాట్నం తిరిగింది. కేక లేదు, నవ్వు లేదు. పద్దెనిమిది తలలు కిందికి వంగి ఉన్నాయి. రాట్నం తిరుగుతోందన్న సంగతి ఆ పిల్లల్లో సగం మందికి తెలియలేదు. కదలని బల్ల మీద కూర్చోబెట్టినా ఒకటే. నక్షత్రాలు కురిశాయి, కుందేలు మీది పిల్ల గెలిచింది. రెండో రౌండులోనూ ఆ పిల్లే. తను గెలిచినట్టు ఆ పిల్లకి తల్లి చెప్పాల్సి వచ్చింది.

ఆయ్లెన్ ఒక్కతే తెర చూడలేదు. తెల్లగుర్రం మీద, రెండు రౌండ్లూ, స్తంభం దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి చెయ్యి చాపింది. స్తంభం కదల్లేదు. ఇవ్వలేదు సరే, ఇవ్వనని కూడా అనలేదు. ఆ పిల్ల చెయ్యి అలా గాలిలో వచ్చి, గాలిలో పోయింది.

నేలిదా జేబులోంచి రెండో కాగితం తీసింది. పాత సామగ్రిని, అనగా చెక్క వస్తువు ఒకటి, ఉంగరం ఒకటి, కార్యాలయానికి అప్పగించవలెను. ఉద్యోగిని ఇకపై గదిలో కూర్చుని మీట నొక్కవలెను. జీతం పెంచడమైనది.

రొమీనా నెమ్మదిగా చెప్పింది, ఇదంతా ఆమె మేలు కోసమేనని. భుజానికి విశ్రాంతి, చలికాలం హీటరు, డెబ్బై ఏళ్ళదాకా ఉద్యోగం. అక్క ఇంటి వెనక గదిలో ఒంటరిగా ఉండే మనిషికి ఇవి చిన్న సంగతులు కావు. నేలిదాకీ తెలుసు. హీటరు మాట విన్నప్పుడు ఆమె పాదాలకి నిజంగానే ఆశ పుట్టింది.

"పైగా దీనికి పక్షపాతం ఉండదు దోన్యా. అందరికీ సమానమే."

"నాకుంది" అంది నేలిదా. "యాభై ఏళ్ళుగా నా ఉద్యోగమే అది. నీ ముక్కు కారుతుంటే నీ మీద పక్షపాతం చూపించాను. నువ్వే పట్టుకున్నాననుకున్నావు కదూ?"

రొమీనా తన బూట్ల వైపు చూసుకుంది.

"నువ్వే పట్టుకున్నావు. నేను వదిలానంతే. ఆటంటే ఇద్దరుండాలమ్మా. ఆ పిల్ల చెయ్యి చాపితే అవతల ఇంకో చెయ్యి ఉండాలి, ఏడిపించడానికైనా సరే. ఆ పాతిన కర్రకి ఏడిపించడం వచ్చా? ఓడిపోవడం వచ్చా?"

కంచె దగ్గర ఎవరో, "పెద్దవాళ్ళకి కొత్తవి నచ్చవులే" అన్నారు. ఆమె అటు తిరగనైనా తిరగలేదు. వెళ్ళి తెరల తీగ పీకేసింది. పిల్లలు గోల పెట్టారు. ఒకడు ఏడ్చాడు. పలకలకి నాలుగేళ్ళు దొరకని డబ్బు తెరలకి వారంలో దొరికిందా అని ఆమె అడిగినప్పుడు పనివాళ్ళు నేలచూపులు చూశారు. బిస్కెట్ల డబ్బా తెచ్చి ఫోన్లన్నీ అందులో వెయ్యమంది. పిల్లల ఫోన్లే కాదు, కంచె అవతలివి కూడా. ఆ గొంతు విని కొందరు వేశారు. వెయ్యనివాళ్ళు జేబుల్లో పెట్టుకున్నారు. ఆఖరి రౌండు అని గంట కొట్టింది.

మొదటి చుట్టులో ఏ చెయ్యీ లేవలేదు. నేలిదా బేరికాయని ఒకడి ముక్కు ముందు ఆడించి లాగేసింది. వాడు ఉలిక్కిపడ్డాడు. రెండో చుట్టులో వాడు కొట్టబోయాడు, అందలేదు. వాడి వెనక పిల్ల నవ్వింది. మూడో చుట్టుకి బయటి వరసంతా చేతులే. ఆమె వంగింది, దాచింది, ఇచ్చినట్టే ఇచ్చి భుజం మీదికి ఎత్తేసింది. భుజంలో ఎముక ఎముకని కొరుకుతోంది, కొరకనీ. కంచె అవతల తాతలూ తల్లులూ పేర్లు పెట్టి అరుస్తున్నారు. ఓస్మార్ బడ్డీ వదిలేసి వచ్చి, ఈ ముసలిది మోసగత్తె, దీన్ని నమ్మకండర్రా అని పిల్లలకి చెబుతున్నాడు. ఆరో చుట్టులో తెల్లగుర్రం వచ్చింది. ఆయ్లెన్ జీను మీంచి పూర్తిగా లేచి, ఊడిన పళ్ళ మధ్య నాలుక బిగబట్టి, చెయ్యి విసిరింది. బేరికాయ ఒక్క క్షణం ఆలస్యంగా కదిలింది.

ఉంగరం తగిలిన చప్పుడు చిన్నదే.

ఆ పిల్ల ఎవరికీ చూపించలేదు. పిడికిలి బిగించి ఛాతీకి ఆనించుకుని, దిగి, తాత చెయ్యి పట్టుకుని నడిచిపోయింది. వీధి మలుపు దగ్గర మాత్రం ఎగిరి ఒక గెంతు వేసింది.

ప్లాజా ఖాళీ అయింది. నేలిదా ఏప్రాను విప్పి మడిచింది. బల్ల కింది చెప్పులు, మాతే ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది. తాళంచెవీ, బేరికాయా బల్ల మీద పెట్టి, మీట నొక్కడానికి వేరే మనిషిని చూసుకోమంది. రొమీనా వద్దని చాలా చెప్పింది. నేలిదా మర్యాదగా విని, తల అడ్డంగా ఊపింది.

"రేపట్నించి నేనెవరితో పోట్లాడను?" అన్నాడు ఓస్మార్. అతని గొంతులో వెక్కిరింత లేదు.

"రేపు వస్తాగా. నాలుగింటికి." సంచి ఎడమ భుజానికి తగిలించుకుంది. "పనికి కాదు. టికెట్ కొనుక్కుని ఎక్కుతాను. తెల్లగుర్రం నాది, ముందే చెప్తున్నా. ఆ పిల్ల ఉంగరం తెస్తుంది, దాని రౌండు దానికివ్వండి. తర్వాత నేను చెయ్యి చాపుతాను. నాన్న లేడు, ఊరు చూస్తే చూడనీ." రొమీనా వైపు తిరిగింది. "ఆ పాతిన కర్ర ఇస్తుందో, నువ్విస్తావో చూస్తాను. సులువుగా మాత్రం ఇవ్వకు."

రైలు స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది, కుడి చెయ్యి కదపకుండా.

పనివాళ్ళు బండి దగ్గర ఎదురుచూస్తున్నారు. రొమీనా వెళ్ళలేదు. బల్ల మీద బేరికాయ పక్కకి ఒరిగి ఉంది. దాని మెడ మీద తండ్రి వేళ్ళు తవ్విన, కూతురి వేళ్ళు నునుపు చేసిన నాలుగు గుంటలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. కొసన ఉంగరం దూర్చే చీలిక ఖాళీగా ఉంది.