మడవని చేతిగుడ్డ

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మదాం వెర్నియే ఇంటి భోజనాల బల్ల మీద ఇంట్లోవాళ్ల పేర్లు చెక్కిన వెండి కడియాలుంటాయి. తినడం అయ్యాక ఎవరి చేతిగుడ్డ వాళ్లు మడిచి తమ కడియంలో దూరుస్తారు. చుట్టం మాత్రం మడవకూడదు. మడిస్తే మళ్లీ పిలవమని అడిగినట్టే. ఆ ఆదివారం బల్ల మీదికి కొత్త కడియం ఒకటి వచ్చింది. దాని మీద సొలెన్ పేరుంది.

"మా అబ్బాయి లుడోవిక్‌ని చేసుకోబోయే పిల్లవి. ఇకనించి నువ్వూ మడవచ్చమ్మా," అంది మదాం.

తల్లీతండ్రీ లేని పిల్ల సొలెన్. కడియాన్ని వేలితో తడిమి చూసుకుంది. పక్కనే పెంచిన బాబాయి గాస్టన్, లారీ డ్రైవరు. లారీలో వస్తూ దారంతా పాఠాలు చెప్పాడు పాపం. "సలాడ్‌ని కత్తితో కోయకే. రొట్టె పళ్లెంలో కాదు, పక్కన బల్ల మీద పెట్టు. మదాం తుమ్మిందనుకో, లేచి జాతీయగీతం పాడాలి." పిల్ల బుద్ధిగా తలూపేసరికి స్టీరింగ్ మీద వాలి నవ్వాడు.

చీజ్ సంగతి మాత్రం మరిచిపోయాడు.

చీజ్ పళ్లెం ముందుగా సొలెన్ దగ్గరికే వచ్చింది. అందులో ముక్కోణంగా బ్రీ అనే మెత్తటి చీజ్. వాళ్ల కొండూళ్లో గట్టి చీజ్ తప్ప ఎరగరు. తనవైపున్న కొస చటుక్కున కోసి పెట్టుకుంది. బ్రీలో రుచంతా ఆ కొసలోనే ఉంటుంది. పక్కనించి పొడుగ్గా కోసుకుంటే అందరికీ కాస్త కొసా, కాస్త తొక్కా దక్కుతాయి.

మదాం పళ్లెం ఎత్తి అందరికీ చూపించింది. "చూశారా, చీజ్ ముక్కు కోసేసింది. నలుగురిలో మెలిగే నేర్పు కొంటే రాదు కదా. లారీవాళ్ల ఇళ్లలో ఎవరికందింది వాళ్లు లాక్కుంటారు కాబోలు."

బల్ల చుట్టూ నవ్వులు. సొలెన్ లుడోవిక్ వైపు చూసింది. అతను వైన్ గ్లాసు చాటున నవ్వుతున్నాడు.

గాస్టన్ చెవులు ఎర్రబడ్డాయి. ఊరందరినీ ఆటపట్టించే మనిషి, చేతిలో కత్తి ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"ఏంటి ముస్యో, కోపమా? సరదాకన్నాను," అంది మదాం.

"సరదా సంగతి నాకు చెప్పకండి. నాకు వేరే చదువేం లేదు, అదొక్కటే చదివాను. జోకు ఎవరి మీద వేశామో ఆ మనిషీ నవ్వాలి, అప్పుడది సరదా. పిల్ల మొహం చూడండి. ఇంటికి పిలిచి, పేరు చెక్కించి, అదే బల్ల దగ్గర నవ్వుతారా? ఇదా మీ నేర్పు?"

"బాబాయ్, చాల్లే," అంది సొలెన్. లేచింది. చేతిగుడ్డని ఉండచుట్టి కడియం పక్కన పడేసింది. "భోజనం బాగుంది మదాం."

లారీ ఎక్కుతుంటే లుడోవిక్ పరిగెత్తుకొచ్చాడు, చేతిలో కడియంతో. "ఇది మర్చిపోయావు."

"మర్చిపోలేదు."

"అమ్మ అంతేలే. ఆవిడ సంగతి పట్టించుకోకు."

"ఆవిడ సంగతి కాదు. గ్లాసు చాటున నవ్వింది నువ్వు."

అతను కడియం ఇంకా చాపే ఉన్నాడు. సొలెన్ తలుపు వేసుకుంది.

బండి కదలగానే ఏదైనా చెప్పి నవ్విద్దామనుకున్నాడు గాస్టన్. అది చేతకాక, ఆదివారం కునుకు తీస్తున్న ఆ పెద్దింటి వీధి చివరిదాకా హారన్ మీంచి చెయ్యి తీయలేదు.