ముట్టుకున్న గిన్నె

బువఫాన్ మిరపకాయలు నూరడం అది మూడోసారి. ఒకసారి ఉప్పు మరిచిపోయింది, ఇంకోసారి రెండుసార్లు వేసింది.

"వాటితో నీకేం పగక్కా?" ఊళ్లోంచి కూరలు తరగడానికి వచ్చే ఖామున్ నవ్వింది.

"నోరు మూసుకుని అలసందలు తరుగు."

చియాంగ్ మాయి కొండల్లోని ఈ బౌద్ధ విహారంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమెదే వంట. గుండు, తెల్లబట్టలు, ఎనిమిది శీలాల నియమం, రోకలి పట్టి కాయలు కాచిన అరచేతులు. అన్నీ ఉన్నా భిక్షుణి కాదు. ఈ దేశంలో ఆడవాళ్లకు కాషాయం ఇవ్వరు. లంకలో ఇస్తారు. రమ్మని అక్కడి నుంచి కబురొచ్చింది, మధ్యాహ్నమే బండి. విహారానికి పెద్ద అయిన పెద్దస్వామికి మాత్రం ఇంకా చెప్పలేదు.

పదకొండింటికి పెద్దస్వామి గుడ్డ పరిచాడు. ఆడవాళ్ల చేతి నుంచి భిక్షువు నేరుగా అందుకోకూడదు. ఆమె పళ్లెం దాని మీద పెట్టింది, ఆయన ముందుకు లాక్కున్నాడు. పులుసు గిన్నె పళ్లెం అంచున ఉందని ఆమె చెయ్యి చాచి లోపలికి జరిపింది.

భిక్షువుల చేతులు ఆగిపోయాయి. సమర్పించాక వంటమనిషి మళ్లీ ముట్టుకుంటే అది సమర్పించనట్టే. ఇన్నేళ్లలో ఒక్కనాడూ చెయ్యని తప్పు! సిగ్గుతో చచ్చిపోతూ, పళ్లెం వెనక్కి తీసి మళ్లీ సమర్పించింది.

భోజనాలయ్యాక పెద్దస్వామి అడిగాడు. "మనసెక్కడుంది తల్లీ?"

"లంకలో, స్వామీ."

ఆయనకు అర్థమైంది. "భిక్షుణుల పరంపర ఎప్పుడో తెగిపోయిందమ్మా. ఆరిన దీపంతో ఇంకో దీపం ఎలా వెలిగిస్తారు?"

"పొయ్యి ఆరితే పక్కింటి నిప్పు తెచ్చుకుంటాం కదా స్వామీ. లంకలో భిక్షువుల పరంపర తెగిపోతే మన దేశపు భిక్షువులే పడవెక్కి వెళ్లి నిలబెట్టారని మీరే చెప్పారు."

"నోరు బాగా పెరిగింది" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "కాషాయం కట్టుకొస్తే నిన్ను లోపలికి రానివ్వలేను. సంఘం ఒప్పుకోదు."

"తెలుసు. ఇన్నాళ్లూ మీ భిక్షాపాత్రలు నింపాను. ఒక్కసారి నా పాత్ర పట్టుకుని వీధిలో నడవాలనుంది."

ఆమె మూడుసార్లు సాష్టాంగపడింది. మూడోసారి నుదురు నేల మీది నుంచి తొందరగా లేవలేదు. ఈ ఇల్లు ఇక తనది కాదని అప్పుడు ఏడుపొచ్చింది.

బండి కొండ దిగేసరికి ఖామున్ ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి వచ్చింది. మూలన గంగాళంలో, రేపు పొద్దున ఆవిరికి పెట్టాలని అలవాటుకొద్దీ బువఫాన్ నానబోసి వెళ్లిన జిగురుబియ్యం ఉబ్బుతోంది.