రెప్పల మీది రంగు

ఎవాంజెలిన్ రంగుల పెట్టె తెరిచి నా ఒళ్ళో పెట్టింది. "చెప్పు పిన్నమ్మా, ఇందులో అమ్మది ఏది?"

చిన్న చిన్న గుంటల్లో పన్నెండు లేత రంగులు. ఎవాంజెలిన్‌కు నెల్లూరులో బ్యూటీ పార్లరు ఉంది. సోమవారం ఎవాంజెలిన్ కూతురి పెళ్ళి. పెళ్ళికూతురి రెప్పలకు తన తల్లి, నా నేస్తం లిల్లీ పెట్టుకున్న రంగే వేయాలని, నన్ను వెతుక్కుంటూ ఇందుకూరుపేట వచ్చింది. తల్లి పోయేనాటికి దానికి రెండేళ్ళు. ఉన్న ఫోటోలు రెండూ తెలుపు నలుపువే. ఆ రంగు చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే.

"ఆకాశనీలం," అన్నాను వెంటనే.

"నీలాలే నాలుగుండాయి గదా!"

నాకు కంగారు పుట్టింది. "ఉండు, ఆ కాగితం నా దగ్గరుంది," అని ట్రంకుపెట్టె అడుగు నుంచి తీశాను. పాత వారపత్రికలోని రెప్పల రంగు ప్రకటన అది. ఒకామె ఒక కన్ను మూసి నవ్వుతుంటుంది. నేను బడికి పోలేదు. ఆ ప్రకటన మీద వేలు పెట్టి లిల్లీ కొన్ని అక్షరాలు చూపించింది. లిల్లీ వెళ్ళిపోయాక మిగతావి నాకు నేనే కూడబలుక్కున్నాను. చిరుగుతుందని భయపడి ఏళ్ళ తరబడి దాన్ని విప్పలేదు.

విప్పితే తెలుపు నలుపు.

"వెలిసిపోయిందేమో."

"వెలవలేదు పిన్నమ్మా. అచ్చు వేసిందే నల్లగా."

బొమ్మ కింద రంగుల పేర్లు మాత్రం ఉన్నాయి. ఆకాశనీలం, పిస్తా, వంగపువ్వు. యాభై ఏళ్ళుగా నా కళ్ళలో ఉన్న ఆ నీలం ఎక్కడిది మరి?

"పోనీ, అమ్మ పెట్టుకున్నప్పుడు చూసినావు గదా?"

ఒక్కసారే చూశాను. నర్సు చదువుకని లిల్లీ రాయవేలూరు వెళ్ళే ముందు ఆదివారం. పౌడరు ఎక్కువైనా పాస్టరమ్మ గారు ఊరుకునేవారు కాదు. లిల్లీ మాత్రం రెప్పలకు రంగు పూసుకునే గుడికి వచ్చింది. తల వంచుకుని, ముసుగు ముందుకు లాక్కుని కూర్చుంది. రెప్పలు వాల్చితేనే కదా ఆ రంగు కనబడేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకునే ఉంటారని దాని ధైర్యం.

"మరి నీకెట్టా కనబడింది?"

"నేను కళ్ళు తెరిచినాను."

"ఓసి దొంగ భక్తురాలా!" ఎవాంజెలిన్ పడీపడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మంగళవారం వెళ్ళిపోతుంది కదా అని ప్రార్థన అయ్యేదాకా లిల్లీ ముఖమే చూస్తూ ఉన్నాను. ఏ రంగని ఎవరు పట్టించుకున్నారు?

ఎవాంజెలిన్ అద్దం తీసి ఒక రెప్పకు నీలం, ఇంకో రెప్పకు పిస్తా పూసుకుంది. చాప మీద కూర్చుని తల వంచింది. "నేను ప్రార్థన చేస్తా ఉంటా. నువ్వు చూడు."

బయట రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. నేను చూస్తున్నాను. దానికి లిల్లీ ముక్కు రాలేదు, గడ్డమూ రాలేదు. నీలం పరాయిగా ఉంది. పిస్తా రెప్ప మాత్రం ఎన్నోసార్లు చూసినట్టుంది. చూసింది ఒక్కసారే కదా! తప్పు చెబితే ఆ పెళ్ళిపిల్లకు ఎవరివో రెప్పలు తగిలించినట్టు. తెలియదంటే దీనికి తల్లిది ఏమీ మిగలదు.

"ఏది పిన్నమ్మా?"

"పిస్తా."

"ఖాయమా?"

"ఖాయంగా చెప్పలేను పాపా. అట్టా అనిపిస్తా ఉండాది."

"నీకనిపిస్తే చాల్లే," అని దూదితో నీలం రెప్ప తుడుచుకుంది. నీలం పూర్తిగా పోలేదు. పొగలా పలచగా మిగిలింది. అచ్చం లిల్లీ రెప్పే.

పిస్తా అందుకోబోతున్న దాని చేయి పట్టుకున్నాను.

"ఆగు పాపా. ఇంకోసారి కళ్ళు మూసుకో."