చెక్క గోడకు అటూ ఇటూ

మా మామగారి కాఫీ కొట్లో రెండే రకాల బస్తాలుండేవి. ఒకటి సుమత్రా నుంచి వచ్చేది, ఇంకొకటి న్యూగినీ నుంచి. సుమత్రా గింజ తడిసిన మట్టిలా, పాత దూలంలా వాసన కొడుతుంది. దాని కాఫీ నోట్లో చిక్కగా కూర్చుంటుంది, పులుపన్నది వెతికినా దొరకదు. న్యూగినీది అలా కాదు. పండు కొరికినట్టు కాస్త పుల్లగా, కాస్త తియ్యగా నాలుక మీద చురుక్కుమని వెళ్లిపోతుంది. రెంటికీ ఒకే సెగ పనికిరాదు. అందుకని మా ఆయన సుమత్రాను నల్లగా వేపేవారు, మా మరిది న్యూగినీని లేత రంగులోనే దింపేవాడు. రెండూ చల్లారాక మామగారు చేత్తో కలిపేవారు. ఊరంతా తాగింది ఆ చెయ్యి కలిపిన కాఫీయే.

తగువు ఎక్కడ మొదలైందంటారా? పక్క వీధి దర్జీ వచ్చి "అబ్బ, ఏం వాసనండీ!" అన్నాడు. అంతే. ఆ వాసన నాదంటే నాదని అన్నదమ్ములు పట్టుకున్నారు.

"నా న్యూగినీ లేకపోతే నీది ఒట్టి బురదనీళ్లు అన్నయ్యా."

"నాది లేకపోతే నీ పుల్లనీళ్లు ఎవడు తాగుతాడ్రా? పాలు విరిగాయనుకుంటారు!"

మామగారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పి చూశారు. వింటేనా! కొట్టు మధ్యలో చెక్కలతో గోడ లేచింది. అటు న్యూగినీ, ఇటు సుమత్రా. ఏళ్ల తరబడి పొట్లాలు కట్టిన గుమాస్తాను, అవతలివాడి మనిషని ఇద్దరూ పొమ్మన్నారు. మామగారికి కలపడానికి ఏమీ మిగల్లేదు. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు.

జనం ఊరుకుంటారా? ఇక్కడో అర పొట్లం, అక్కడో అర పొట్లం కొనుక్కెళ్లి ఇంట్లో కలుపుకోవడం మొదలెట్టారు. నాకూ నా తోడికోడలికీ నవ్వు ఆగేది కాదు.

"అక్కా, దర్జీగారు మీ వైపు వస్తున్నారు. నా పొట్లం చంకలో దాచారు, చూసీ చూడనట్టుండు" అనేది తను చెక్కల సందులోంచి.

నవ్వుకున్నా, కొట్టు తప్ప మాకు వేరే ఆధారం లేదు. మా రెండిళ్లలోనూ పొయ్యి వెలిగింది ఆ అర పొట్లాల మీదే. మా ఆయనకు మాత్రం అది తల కొట్టేసినట్టయింది.

"అవతలి పొట్లం పట్టుకొచ్చేవాళ్లకు మా దగ్గర సరుకు లేదు" అని దర్జీ మొహం మీదే చెప్పేశారు. మరిది తక్కువ తిన్నాడా? మర్నాటి నుంచి తనూ అదే పాట.

"మీ అన్నదమ్ముల తగువు తెచ్చి నా గ్లాసులో పొయ్యకండి బాబూ" అని దర్జీ వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతావాళ్లూ జారుకున్నారు.

ఎదురుగా ఖాళీగా ఉన్న గది అద్దెకు తీసుకున్నది ఎవరనుకున్నారు? మా గుమాస్తాయే. రెండు రకాలూ తెప్పించాడు, వేపాడు, పాళ్లు కుదరక తిప్పలు పడ్డాడు. ఒకరోజు పొద్దున్నే మామగారు కుర్చీ ఎత్తుకుని రోడ్డు దాటారు. చొక్కా చేతులు పైకి మడిచి అతని పళ్లెంలో గింజలు కలపడం మొదలెట్టారు.

మా ఆయన గుమ్మంలోంచి అరిచారు. "నాన్నా! పరువు తీస్తున్నావు. ఇటు రా!"

"ఇటంటే ఎటురా? నీ వైపా, వాడి వైపా?" అన్నారు మామగారు తలెత్తకుండానే.

అప్పటికి మరిది కూడా తన గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరిలో ఒక్కరైనా చెక్కలు తీసేద్దామంటారేమోనని నేను చూశాను. అటు నా తోడికోడలూ చూసింది.

"అంతా నీ వల్లే" అన్నారు మా ఆయన.

"నీ వల్ల!" అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ లోపలికెళ్లి ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు.

ఆ యేడాదే రెండు కొట్లూ మూతపడ్డాయి. మా ఆయన ఎవరి గోదాములోనో బస్తాలు మోయించే పనికి కుదిరారు. మామగారు పోయేదాకా గుమాస్తా ఇంట్లోనే భోంచేశారు. ఇంటికి రమ్మని కొడుకులిద్దరూ కబురు పంపారు. విడివిడిగానే పంపారు.