ముక్కు అరిగిన అమ్మవారు

షార్జాలోని రోలా బజారులో నాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. ఏ వస్తువు కనబడినా ముందు బరువెంత, తర్వాత మెరుపెంత అని చూడటం నాకు అలవాటు. పెళ్లిరోజున అబూదాబి మ్యూజియం చూద్దామని మా ఆవిడ మంగ అడిగితే, దండగ ఖర్చనుకుంటూనే బయల్దేరాను. ఆమెకు తెలియకుండా ఇంకో కానుక కూడా సిద్ధం చేశాను మరి.

లోపల వేల ఏళ్ల నాటి మట్టిబొమ్మలతో మొదలై, గది గదికీ కాలం మనవైపు నడిచొస్తుంది. చేతులు లేనివాళ్లు, తలలు పోయినవాళ్లు. నా కొట్లో అయితే ఒక్కటీ కదిలే సరుకు కాదు. పచ్చగా చిలుమెక్కిన కంచు సింహాన్ని చూసి ఊరుకోలేక, చింతపండు రుద్దితే తళతళలాడుతుందని కాపలా అతనికి సలహా ఇచ్చాను.

"ఇమ్లీ లగావ్ భాయ్, ఏక్‌దమ్ చమకేగా."

"చాచా, హాథ్ దూర్ రఖో," అని నా చెయ్యి దూరం జరుపుతూ నవ్వాడు.

"ఇదీ మీ కొట్టేననుకున్నారా?" అంటూ మంగ నా చొక్కా పట్టుకుని లాక్కుపోయింది.

తర్వాతి గదిలో మన దేశపు కంచు అమ్మవారు, మూరెడు ఎత్తు. ఎన్ని చేతులు పూజకు తోమాయో గానీ ముఖం నున్నగా అరిగిపోయింది. మంగ చెప్పులు విడిచేసింది. ఇంకో కాపలా ఆమె పరుగున వచ్చింది.

"మేడమ్, చప్పల్ పెహనియే, ప్లీజ్."

"దో మినిట్, అమ్మా," అని మంగ చేతులు జోడించింది. చేసేది లేక ఆ చెప్పులు నేను చేత పట్టుకున్నాను.

"అచ్చం మన లక్ష్మమ్మలాగే ఉంది కదండీ," అంది.

లక్ష్మమ్మంటే మా ఇంటి ఇత్తడి లక్ష్మీదేవి, మంగ వాళ్లమ్మ ఇచ్చింది. కానుక సంగతి చెప్పడానికి ఇదే అదను అనుకున్నాను.

"మనదానికి ఇంక ఆ గతి లేదులే. పొద్దున నీ పూజ కాగానే మన కొట్టు సామాన్లకు మెరుగు పెట్టే ఖాజాకి ఇచ్చేశాను. ముక్కూ కళ్లూ కొత్తగా చెక్కి, మిషన్ మీద మెరుగు పెడతాడు. సాయంత్రానికల్లా కొత్త విగ్రహం!"

మంగ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"అది అరుగుదల కాదండీ. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమిన మా అమ్మ చెయ్యి. ఆవిడది నాకింకేం మిగిలింది?"

వెంటనే ఖాజాకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. శుక్రవారం కదా, జుమ్మా నమాజు వేళ. అది అవగానే మిషన్ ఆన్ చేస్తాడు. మళ్లీ మళ్లీ చేస్తూ చివరి గదిలోకి వచ్చిపడ్డాం. అక్కడ ఈ కాలపు శిల్పం, నిలువెత్తు స్టీలు, అద్దంలా మెరుస్తోంది. నాకు నచ్చాల్సిన సరుకే. అందులో చెప్పులు పట్టుకున్న నేనూ, వట్టి కాళ్లతో, కన్నీళ్లతో మంగా కనిపించాం. ఆ మెరుపు చూడబుద్ధి కాలేదు.

అప్పటికి ఎత్తాడు ఖాజా. "అభీ చఢా రహా హూఁ, భాయ్." విగ్రహాన్ని అప్పుడే మిషన్ మీదికి ఎక్కిస్తున్నాడట.

"ఖలాస్! ఉతారో! దించెయ్, ముట్టుకోకు!" అని అరిచాను. గదంతా మావైపు తిరిగింది.

మంగ కళ్లు తుడుచుకుని, నా చేతిలోంచి చెప్పులు తీసుకుని తొడుక్కుంది. తిరుగుదారిలో కారు తనే నడిపింది. షార్జాలో ఖాజా విగ్రహాన్ని చేతికివ్వగానే, ముక్కున్న చోట బొటనవేలితో తడిమి చూసుకుని కొంగులో చుట్టుకుంది.

"నన్ను కొట్టు దగ్గర దింపేస్తావా?" అన్నాను, బెరుకుగా.

"ముందు ఇంటికి పదండి. చింతపండు నానబెడతాను, ఇవాళ మీరే తోముదురుగాని," అంది. "మెల్లగా!"