ముందుగది గోడలు

"మా ఆవిడ బకెట్ అందిస్తుంది లెండి. మిగతాదంతా నేనే."

వాకిట్లో నిలబడి రోడ్డు మీద ఆగిన జనంతో మా ఆయన ఖేర్విన్ ఈ మాట అంటున్నప్పుడు నేను లోపల నిచ్చెన మీద ఉన్నాను. జుట్టులో, ముక్కులో, గోళ్ళ సందుల్లో గోడలకు పట్టే లప్పం పొడి. ఆ చలికాలం కరోనా పుణ్యమా అని ఊరికి వేరే కాలక్షేపం లేదు. పొద్దు వాలితే చాలు, అందరూ టోపీలు చెవులకు లాక్కుని మా వీధిన నడకకు బయల్దేరేవాళ్లు. మా త్వెంతె ప్రాంతంలో ముందుగది కిటికీ మూసుకుంటే ఇంట్లో ఏదో దాస్తున్నట్టే లెక్క. అయినా ఖేర్విన్ అద్దాలకు పాత పేపర్లు అంటించేశాడు. "అంతా అయ్యాక ఒకేసారి చూపిద్దాం, నోళ్ళు వెళ్ళబెట్టాలి," అన్నాడు. ఆ పేపర్ల వెనక చాకిరీ నాది, ముందు పేరు తనది.

పేరు పోతే పోయిందనుకున్నాను. నాకు కావలసింది గది. భోజనాల బల్ల అతని ఆఫీసయ్యాక, నేను బడిపిల్లలకు పాఠాలు చెప్పేది మరుగుదొడ్డి పక్క నడవాలో, ఇస్త్రీ బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని. "నీది చిన్నపిల్లల బడేగా, ఎక్కడైనా నడుస్తుంది," అన్నాడు. ఒకరోజు కూడికలు చెబుతుంటే లోపలినుంచి అతను భళ్ళున నీళ్ళు వదిలాడు. తెర మీద పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వడం కూడా జీతం లేని పనే. ముందుగది బాగుపడితే కిటికీ పక్కన నా బల్ల వేసుకోవచ్చని అతను ఒప్పుకున్నాడు. ఆ మాట పట్టుకుని పాత వాల్‌పేపర్ గోకాను, లప్పం పట్టాను, ఉప్పుకాగితం రుద్దాను, రంగు వేశాను.

చివరి పూత ఆరేలోపే మాట మారింది. అత్తగారు యోహన్నా గారు గడప బయట నిలబడి కాఫీ తాగుతూ, "నీకు మీ నాన్న చేతులే వచ్చాయిరా. ఇంత కష్టపడ్డావు, నీ ఆఫీసు ఇందులోనే పెట్టుకో," అన్నారు.

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా."

"మరి నా బల్ల?" అన్నాను.

"నీకు నడవా అలవాటైపోయిందిగా," అని నవ్వాడు. తల్లీ నవ్వింది.

నేను అరవలేదు. అరిస్తే, పాపం అలిసిపోయింది అంటారు. కక్షకు కావలసింది ఓపిక. లప్పం పని అదే నేర్పింది: ఒక పొర ఆరాకే ఇంకో పొర.

ఆదివారం సాయంత్రం, జనం సరిగ్గా మా ఇంటి ముందుకు వచ్చే వేళ చూసి, ఖేర్విన్ గదిలో ఉండగానే పేపర్లన్నీ చింపి కిటికీ తెరిచాను. ముందుగా ఆగింది ఎదురింటి ముసలావిడ హెండ్రికా గారు. మా త్వెంతె పల్లెల్లో దగ్గరి ఇరుగంటే చుట్టం కన్నా ఎక్కువ. పురుడొచ్చినా పీనుగ లేచినా ముందు గడప తొక్కేది వాళ్ళే. వాళ్ళు సాయం అడిగితే కాదన్నవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు.

"అబ్బో, గోడలు అద్దాల్లా ఉన్నాయే! నా గది చూడబోతే బూజుపట్టి చస్తోంది. చేసే మగదిక్కేదీ?" అన్నారావిడ.

"అదేం మాటండీ, ఎదురుగా మా ఆయన ఉండగా! నేను బకెట్ అందించానంతే, మిగతాదంతా ఆయనే. ఏం ఖేర్విన్, రేపే మొదలుపెడతావుగా?"

ఖేర్విన్ మొహానికి సున్నం కొట్టినట్టయింది. నోరు తెరిచేలోగా, నడకకొచ్చి ఆ జనంలోనే నిలబడి ఉబ్బిపోతున్న అత్తగారే అందుకున్నారు. "చెయ్యకేం! ఇరుగు అడిగితే కాదంటాడా నా కొడుకు?"

హెండ్రికా గారు ఒకసారి నా గోళ్ళకేసి చూశారు. "నాకేం తొందర లేదు నాయనా, నిదానంగానే చెయ్యి," అన్నారు.

కిటికీ మూయగానే మీద పడ్డాడు. "మతిపోయిందా నీకు? లప్పంలో నీళ్ళెన్ని పొయ్యాలో కూడా నాకు తెలీదు!"

"నాకు తెలుసు, నీకు తెలీదని."

"అయితే నువ్వూ రా. ఇద్దరం కలిసి చేద్దాం."

"ఎలా కుదురుతుంది? ఇంటికి రోజుకు ఒక్క మనిషే వెళ్ళాలని ప్రభుత్వం చెప్పిందిగా. పాపం, ముసలావిడ ప్రాణం మీదికి తెస్తామా?"

సోమవారం అతను ఆఫీసుకు సెలవు పెట్టి, నిచ్చెన మోసుకుంటూ రోడ్డు దాటాడు. నేను అతని కంప్యూటరూ కాగితాలూ తీసుకెళ్ళి నడవాలో ఇస్త్రీ బల్ల మీద పొందికగా సర్దాను. నా బల్లను కిటికీ పక్కకు లాక్కుని కూర్చున్నాను. ఎదురింటి కిటికీలో అతను నిలువెల్లా కనబడుతున్నాడు. వీధిలో అప్పుడే నలుగురు ఆగారు. వాళ్ళలో మా అత్తగారూ ఉన్నారు.

పాత వాల్‌పేపర్ గోకకుండా, దాని మీదే లప్పం మెత్తుతున్నాడు. రేపు పొద్దుటికి పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలపాలవుతుంది. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి, ఊరంతా చూస్తుండగా. కిటికీ తెరిచి ఒక్క కేక వేస్తే సరిపోతుంది.

చలిగా ఉంది. కిటికీ గొళ్ళెం గట్టిగా బిగించి, పిల్లలకు పాఠం మొదలుపెట్టాను.