కిరాయి మైకు

మా సంఘం మైకు పలికితే హయత్‌నగర్‌ల పండుకున్న ఎడ్లు లేచి నిలబడ్తయి. అది మూగబోయే రోజే రాదని నిండు మీటింగుల చెప్పింది నేనే. వారం తిరగలే, మూగబోయింది.

అరవై తొమ్మిదిల తెలంగాణ బందుకు దిల్‌సుఖ్‌నగర్ ఎనక రాళ్లగుట్ట బస్తోళ్లం కూలి పని ఆపినం. తెల్లారే మా కంట్రాక్టర్ జానయ్య మనుషులొచ్చి ఎలీశమ్మ గుడిసె గుంజి పడేసిన్రు. పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతుండంగనే కప్పు కూలింది. మిగిలిన గుడిసెలు గూడ పీకుతమని చెప్పిపోయిన్రు.

జానయ్య లారీ వస్తే మైకుల పిలవాలె, అందరం ఉరికొచ్చి అడ్డం నిలబడాలె. ఆ మైకు దుకాణం బాపిరాజుది, కిరాయికి తెచ్చుకున్నది.

మీటింగుల ఎస్తేరక్క లేచింది. "మైకు మనది కాదు, కరెంటు మనది కాదు. ఆయన ఇయ్యనంటే ఎట్లరా?"

"బడంగ్‌పేట్‌ల మా మేనత్త ఇంట్ల ఇంకోటి తయారున్నదక్కా. వానొస్తే దాని గొట్టంలనే పండుకుంటరు, గంత పెద్దది" అన్న నేను.

అందరు నవ్విన్రు. ఇంకో ఉపాయం ఎవ్వరు ఆలోచించలే. మైకే కాదు, నాకు మేనత్తే లేదు.

లారీ బయలెల్లిందని తెలిసినప్పుడు జనమంత వేరే కూలికి సరూర్‌నగర్ చెరువు దిక్కు పోయున్నరు. బాపిరాజు దుకాణానికి ఉరికిన.

"పోలీసులొచ్చి షాపు మూయిస్తామన్నారు బాబూ. పిల్లలు గలవాణ్ణి, నన్నొదిలేయండి." బాపిరాజు షాపు తలుపులు ఏసుకున్నడు.

తిరిగొచ్చేసరికి లారీ మలుపుల ఉన్నది. గడ్డపారలు కనబడుతున్నయి.

"నీ రెండో మైకేదిరా?" అన్నడు కొమరయ్య తాత. నేను చర్చి దిక్కు చూసిన.

మా చర్చి ముందర గుంజకు రైలుపట్టా ముక్క ఏలాడుతది. ఎవరన్న సచ్చిపోతే దాన్ని ఆగి ఆగి కొడ్తరు. ఆ సప్పుడు ఇన్నోళ్లు ఏ పనున్నా ఇడిసి రావాలె, గది మా రివాజు.

"గది కొడ్దామా అక్కా?"

"బతికున్నోళ్ల మీద సావుగంటనా?" ఎస్తేరక్క మొఖం పాలిపోయింది.

సుత్తె తీస్కొని నేనే కొట్టిన.

జనం ఏడ్సుకుంట ఉరికొచ్చిన్రు. ఎవరు పోయిన్రని ఒకర్నొకరు తడిమి చూసుకున్నరు. లారీని చూసినంక ఇంకెవ్వరు అడగలే. దాని ముందర బాటంత కూసున్నరు. డ్రైవర్ ఇంజన్ బంద్ చేసిండు.

ఎస్తేరక్క నా చేతులకెల్లి సుత్తె గుంజుకున్నది. "గిది గూడ ఒక్కని చేతుల ఉండొద్దు. ఇంటికొక్కరు కొట్టుడు నేర్వాలె."

గంతల్నే పోలీసు జీపొచ్చింది. "దొంగ గంట కొట్టింది ఎవడు?"

అబద్ధాలు చాన గుర్తుకొచ్చినయి. ఒక్కటి గూడ బయటికి రాలే.

"నేనే సారూ. మేనత్త గూడ లేదు."

ఆయనకు సమజ్ కాలే. కాలర్ పట్టి జీపెక్కించిండు. మలుపు తిరిగినమో లేదో, ఎనకకెల్లి మల్ల గంట మోగింది.

"ఇప్పుడెవడ్రా?"

"తెల్వది సారూ."

ఒక్క దినంల రెండుమార్లు నిజం చెప్పుడు నాకు గదే మొదలు.